డర్బన్‌లో సర్ మార్షల్ కాంప్‌బెల్ ఆనవాళ్ళు: ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

డర్బన్ వెళ్ళేవాళ్ళు మామూలుగా బీచ్ చూసి, ఒక సఫారీ కొట్టి వచ్చేస్తారు. నేను వెళ్ళింది మార్షల్ కాంప్‌బెల్ కోసం. 1848లో గ్లాస్గోలో పుట్టి, పసివాడిగా ఉండగానే అమ్మానాన్నలతో నటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) చేరి, చెరకు మీద పెద్ద ఎస్టేట్లు నిలబెట్టి, ముందు నటాల్ శాసనమండలిలోనూ ఆ తర్వాత 1910లో కొత్తగా ఏర్పడిన దక్షిణాఫ్రికా యూనియన్ సెనేట్‌లోనూ కూర్చున్న మనిషి. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా కూలీలు ఇండియా నుంచి నటాల్‌కి ఒప్పందం మీద వెళ్ళారు, ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ కథ మనకి పరాయిది అనిపించదు.

మొదట బెరియా కొండ మీద ఆయన కట్టించుకున్న ఇల్లు, మకల్‌న్యూక్. 1914లో కట్టారు, 1917లోనే ఆయన పోయారు, అంటే అందులో ఉన్నది మహా అయితే మూడేళ్ళు. ఇల్లు నిలబడింది కూతురు కిల్లీ కాంప్‌బెల్ వల్ల. ఆఫ్రికా గురించిన పుస్తకాలు, చేతిరాతలు, అక్కడి జులూ జాతివాళ్ళ పూసల పని జీవితాంతం సేకరించి యూనివర్సిటీకి రాసిచ్చేసింది. బార్బరా టిరెల్ వేసిన సంప్రదాయ దుస్తుల బొమ్మల దగ్గర తీరిగ్గా ఆగండి, ఒక్కో పూసల వరస, ఒక్కో ముడి విడివిడిగా కనిపిస్తాయి. ముందే ఫోన్ చేసి టైం తీసుకోవాలి, నేరుగా గేటు దగ్గరికి వెళ్తే పని జరగదు.

ఇది చూసి వెనక్కి వచ్చేస్తే మాత్రం సగమే చూసినట్టు. ఊళ్ళోనే ఉన్న, ఆ కూలీల చరిత్ర చెప్పే 1860 హెరిటేజ్ సెంటర్‌కి తప్పకుండా వెళ్ళండి. ఓడల్లో వచ్చినవాళ్ళ జాబితాల్లో ఏం రాసుకున్నారో చూస్తే కడుపులో దేవినట్టయింది నాకు: పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, కులం, చివర్లో ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుంది, గాటు ఎక్కడుంది అని. మనిషిని గుర్తుపట్టడానికి అవతలివాళ్ళకి అది చాలు.

ఇక మౌంట్ ఎడ్జ్‌కోంబ్. కాంప్‌బెల్ చెరకు సామ్రాజ్యానికి గుండెకాయ ఇదే, ఊరికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. మిల్లు ఎప్పుడో మూతపడింది, చెరకు ఉన్నచోట ఇప్పుడు గోల్ఫ్ కోర్సు, గేటెడ్ ఇళ్ళు. చెరకు పరిశోధన సంస్థ మాత్రం ఉంది. చూడాల్సింది కూలీల కాలం నాటి గుళ్ళు. చిన్నవే, కానీ పొద్దంతా చెరకు కొట్టి వచ్చినవాళ్ళు కట్టుకున్నవి.

కాంప్‌బెల్‌ని మంచివాడు, చెడ్డవాడు అని ఒక్క ముక్కలో తేల్చడం నాకు చేతకాలేదు. భారతీయుల పట్ల, జులూల పట్ల సానుభూతి ఉన్న ప్లాంటర్ అని పేరు, గాంధీతో పరిచయం, ఉత్తరాలు. క్వామాషు అనే టౌన్‌షిప్‌కి (నల్లవాళ్ళ కోసం కట్టిన పేట) ఆ పేరొచ్చింది ఆయన వల్లే. కానీ ఒప్పందం ముగిశాక కూడా ఉండిపోయిన భారతీయుల మీద వేసిన మూడు పౌండ్ల పన్నుకి వ్యతిరేకంగా 1913 నవంబర్‌లో సమ్మె జరిగినప్పుడు కాల్పులు జరిగినవాటిలో ఆయన కుటుంబ ఎస్టేట్ కూడా ఉంది, తుపాకీ పేల్చినవాళ్ళలో ఆయన కొడుకు కోలిన్ ఒకడు. ఆ ఇల్లు, ఈ పొలం రెండూ ఒకే రోజు చూడమనేది ఇందుకే. పక్కనే ఫీనిక్స్‌లో 1904లో గాంధీ పెట్టిన ఆశ్రమం ఉంది, 1985 గొడవల్లో తగలబడితే మళ్ళీ కట్టారు, అరగంట సరిపోతుంది.

బీచ్ రోడ్డు మీద పూసలు, కొమ్ములు పెట్టుకుని లాగే రిక్షాలు కూడా 1892లో కాంప్‌బెల్ తెచ్చినవే. ఫొటోకి ముందే రేటు మాట్లాడుకోండి.

బసకి నా ఓటు ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఉమ్‌ష్లాంగాకే. ఖరీదెక్కువ, కానీ మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌కీ ఎయిర్‌పోర్టుకీ దగ్గర, సాయంత్రం కాస్త టెన్షన్ లేకుండా నడవొచ్చు. బెరియాలో గెస్ట్‌హౌస్‌లు చవక, ఇల్లు దగ్గర. నేను దిగినచోట కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంటుందన్నారు, పోయినప్పుడు లేదు, కాబట్టి బుక్ చేసేముందు గట్టిగా అడగండి. బీచ్ దగ్గర హోటళ్ళు పగలు బాగుంటాయి, చీకటి పడ్డాక మాత్రం బయట తిరక్కండి. ఫీనిక్స్ వైపు సొంతంగా కారు నడపొద్దు, ఆ దారులు తెలిసిన డ్రైవర్‌ని రోజంతా మాట్లాడుకుంటే విడివిడి ట్యాక్సీల కన్నా నయం.

తిండికి ఇబ్బంది లేదు. బ్రెడ్డు లోపల తొలిచి కూర నింపిచ్చే బన్నీ చౌ శాకాహారులకి బీన్స్‌తో దొరుకుతుంది, కారం మనవాళ్ళకి సరిపోతుంది.

వీలైతే ఈస్టర్‌కి వెళ్ళండి. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ మారియమ్మన్ గుడిలో గుడ్ ఫ్రైడే నాడు పెద్ద ఉత్సవం, జనం విపరీతంగా వస్తారు. అది సెలవు రోజు కాబట్టి ఇల్లు, హెరిటేజ్ సెంటర్ బుధవారం లోపే పూర్తి చేసుకోండి.