లీడ్స్–కార్లైల్ కొండ దారి: పేర్లు మారిన బండి, మారని దారి

ఉత్తర ఇంగ్లండులో చేతిలో ఒక్క రోజే ఉంటే లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే, నార్తర్న్ అనే రైలు సంస్థ నడిపే బండి ఎక్కండి. మూడు గంటలకు కాస్త తక్కువ ప్రయాణం. సీట్ల రిజర్వేషన్ ఉండదు. బండి లీడ్స్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి ముందుగా వెళ్లి ఎడమ కిటికీ పట్టుకోవాలి. రిబుల్‌హెడ్ దగ్గర వర్న్‌సైడ్ కొండ, బ్లే మూర్ సొరంగం దాటగానే డెంట్ లోయ అటువైపే వస్తాయి. దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏయిస్ గిల్ (356 మీటర్లు) దాటాక కుడి పక్కకి మారండి.

24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన మాత్రం బండిలో కూర్చుంటే సరిగా కనబడదు. అక్కడ దిగి పావుగంట నడిస్తే వంతెన కిందికే చేరతారు. తర్వాతి బండికి చాలాసార్లు రెండు గంటలు ఆగాలి, గాలి కోసేస్తుంది. తిరుగు బండి టైము చూసుకున్నాకే దిగండి.

సర్వీసు సంగతికొస్తే, ఇన్ని చేతులు మారిన ఆపరేటర్లు తక్కువ. 1997లో ప్రైవేటుపరం చేసినప్పుడు ఎంటీఎల్ అనే కంపెనీ తీసుకుని, మరుసటి ఏడాది నార్తర్న్ స్పిరిట్ అని పేరు పెట్టింది. 2000లో ఎంటీఎల్‌ని అరైవా అనే రవాణా కంపెనీ కొనేసింది. డ్రైవర్లు చాలక బండ్లు రద్దయ్యాయి. 2004 డిసెంబరులో సెర్కో కంపెనీ, డచ్ రైల్వేల అనుబంధ సంస్థ కలిసి తీసుకున్నాయి. అసలు తప్పు ఆ ఒప్పందంలోనే ఉంది. ప్రయాణికులు పెరగరన్న లెక్కతో రాశారు, జనం మాత్రం పెరిగారు. బస్సు బాడీని నాలుగు చక్రాల మీద పెట్టినట్టుండే పేసర్ పెట్టెల్లో ఏళ్ల తరబడి నిలబడి వెళ్లింది అందుకే. 2016లో మళ్లీ అరైవా వచ్చింది. ఈసారి కొత్త బండ్లు కొనాలని, పేసర్లను తీసేయాలని షరతు పెట్టారు. అయితే మాంచెస్టర్ దగ్గరి బోల్టన్ దారి విద్యుదీకరణ ఆలస్యమై 2018 మే టైంటేబుల్ కుప్పకూలింది. జూన్‌లో రోజుకు 165 బండ్లు తగ్గించారు, విండర్‌మియర్ దారిలో రెండు వారాలు బస్సులే నడిపారు. 2020 మార్చి 1 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది.

ఈ కొండ దారిలో తిరిగేవి పేసర్లు కావు, 158 రకం పాత డీజిల్ బండ్లు. శనివారం నడకకు వచ్చేవాళ్లతో కిక్కిరుస్తాయి. తిండి, నీళ్లు వెంట ఉంచుకోండి.

రాత్రి ఆగాలంటే సెటిల్ లేదా యాపిల్‌బీ మేలు, రెండు చోట్లా ఊరు స్టేషన్ పక్కనే. కర్క్‌బీ స్టీవెన్‌లో ఊరికి రెండు కిలోమీటర్లకు పైగా నడవాలి. డెంట్ స్టేషన్ భవనం బసకు ఇస్తారు. మంచు అడ్డుకోవడానికి పట్టాల కింద వేసే పాత చెక్క దిమ్మెలను నిలువునా పాతిన కంచె పక్కనే చూడొచ్చు. కానీ డెంట్ ఊరు ఆరు కిలోమీటర్లకు పైనే, అదీ నిటారు దిగుడు. బరువైన సూట్‌కేసులతో వద్దు.

టికెట్ మెషిన్ ఉన్న స్టేషన్‌లో టికెట్ కొనకుండా ఎక్కితే ఛార్జీ కాక 100 పౌండ్ల పెనాల్టీ, 21 రోజుల్లో కడితే 50. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి. బండి పావుగంట ఆలస్యమైతే సింగిల్ ఛార్జీలో 25 శాతం, అరగంటకు 50 శాతం, గంట దాటితే మొత్తం వెనక్కిస్తారు. టికెట్ పారేయకుండా 28 రోజుల్లోపు అడగాలి.