వర్క్‌మేనేజర్: పని పోగొట్టదు, వేళ మాత్రం దానిష్టం

2019లో 1.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆండ్రాయిడ్ యాప్‌లలో వర్క్‌మేనేజర్ వాడుతున్నాను. యాప్ మూసి ఉన్నా వెనకాల జరగాల్సిన పనులను నడిపించే గూగుల్ లైబ్రరీ ఇది. ఫొటోల అప్‌లోడ్, నెట్ లేనప్పుడు నింపిన ఫారాల సింక్, పాత క్యాష్ తుడవడం అన్నీ దాని మీదే. అప్పగించిన పనిని గుర్తుంచుకోవడంలో పూర్తి మార్కులు. జాబితాను సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది కనుక ప్రాసెస్ పోయినా, ఫోన్ రీస్టార్ట్ అయినా మళ్లీ అందుకుంటుంది.

వేళ విషయంలోనే పేచీ. పదేపదే జరగాల్సిన పనికి కనీస విరామం 15 నిమిషాలు. వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ బ్యాటరీ ఆదా చేసే డోజ్‌లోకి జారితే అది గంటలు కావచ్చు. ఈ మాట క్లయింటుకు మొదటి మీటింగ్‌లోనే చెప్పేయడం మేలు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒకే పని రెండుసార్లు జరగడం గురించి. మామూలు వర్కర్‌కి, అంటే పని చేసే కోడ్ క్లాస్‌కి, గడువు 10 నిమిషాలు. అది దాటినా, నెట్ ఉండాలన్న షరతు పెట్టి ఉంటే ఈలోపు నెట్ పోయినా, సిస్టమ్ దాన్ని ఆపేసి తర్వాత మొదటి నుంచి నడుపుతుంది. డేటా సర్వర్‌కి చేరింది, జవాబు వచ్చేలోపు వర్కర్ ఆగింది అనుకోండి: అదే ఫారం మళ్లీ వెళ్తుంది. అందుకే ప్రతి ఫారానికీ ఒక ఐడీ ఇచ్చి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ వదిలేసేలా రాయాలి. ఆ ఐడీని పని క్యూలో పెట్టకముందే తయారుచేయాలి. వర్కర్ నడిచిన ప్రతిసారీ సిస్టమ్ పిలిచే డూవర్క్ ఫంక్షన్ లోపల పుట్టిస్తే ప్రతిసారీ కొత్తది వస్తుంది, ఇంత శ్రమా వృథా. యూనిక్ వర్క్ పేరు పెట్టడం ఎలాగూ తప్పదు, కానీ అది క్యూలో నకళ్లను ఆపుతుందే తప్ప ఈ సమస్యను కాదు.

కొరూటిన్ వర్కర్‌లో (కోట్లిన్ కొరూటిన్లతో రాసే వర్కర్) ఎక్సెప్షన్లన్నిటినీ ఒకే క్యాచ్‌తో పట్టేసే కోడ్ రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపుతాను. ఆగమని కోడ్‌కి చెప్పే క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్‌ను మింగేస్తే, ఆగమన్నా ఆగని కోడ్ తయారవుతుంది. దాన్ని మళ్లీ త్రో చేయాలి.

వర్కర్‌కి ఇచ్చే ఇన్‌పుట్ డేటా పరిమితి 10 కేబీ, కాబట్టి ఫైలు కాదు, దాని పాత్ (ఫైలు ఉన్న చోటు) పంపాలి. వర్కర్ క్లాస్ పేరు మార్చడం ఇంకో గొడవ. డేటాబేస్‌లో పాత పేరే ఉంటుంది గనుక, అప్‌డేట్ అయిన ఫోన్లలో క్యూలో మిగిలిన పనులు ఫెయిలవుతాయి.

2.9 వెర్షన్‌లో వచ్చిన స్టాప్ రీజన్ మాత్రం ప్రాణం నిలబెట్టింది. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో పని ఎందుకు ఆగిందో లాగ్‌లో తెలుస్తుంది.

కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్ నుంచి యాప్‌ను తోసేస్తే ఫోర్స్ స్టాప్ (బలవంతంగా పూర్తిగా ఆపేయడం) కింద లెక్క. మళ్లీ తెరిచేదాకా ఏ పనీ నడవదు. ఇది లైబ్రరీ తప్పు కాదు, దాని చేతిలోనూ లేదు. అందుకే సింక్ ఎంతసేపటి క్రితం జరిగిందో యాప్ తెరవగానే చూసి, ఆలస్యమైతే అక్కడికక్కడే నడిపిస్తున్నాను.