సంస్థ పేరిట వీడియో ఛానల్: యూట్యూబ్ స్టూడియో ఎంతవరకు పనికొస్తుంది?

నీటి శుద్ధి పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థకు మూడేళ్లుగా నేను వీడియో ఛానల్ నిర్వహిస్తున్నాను. యూట్యూబ్‌నూ, అక్కడి మన ఛానల్‌ను నిర్వహించుకునే యూట్యూబ్ స్టూడియోనూ చాలామంది వీక్షణల లెక్కతో తూస్తారు. నేను తూచదలచుకున్నది వేరే ప్రశ్నతో: ఛానల్ తెరిచిన మనిషి రేపు ఉద్యోగం మానేస్తే, అది సంస్థ చేతిలోనే నిలుస్తుందా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. మా మొదటి ఛానల్‌ను ఒక ప్రచార ఏజెన్సీ తన ఉద్యోగి సొంత మెయిల్‌తో తెరిచింది. ఆయన అక్కడ మానేశాక పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా దొరకలేదు. మా వీడియోలు, వాటి కింద కొనుగోలుదారులు అడిగిన సందేహాలు అన్నీ కళ్లెదుటే కనిపిస్తున్నా, ఒక్క అక్షరం దిద్దే హక్కు మాకు లేకుండా పోయింది.

రెండోసారి బ్రాండ్ అకౌంట్‌తో, అంటే ఒక వ్యక్తి పేరిట కాక సంస్థ పేరిట ఉండే ఖాతాతో మొదలుపెట్టాం. ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది దీనికే. బ్రాండ్ అకౌంట్‌కు ఒకరికి మించి యజమానులు ఉండవచ్చు. ఎవరి గూగుల్ అకౌంట్‌తో వారు లోపలికి వెళతారు కనుక పాస్‌వర్డ్ చేతులు మారే అవసరమే రాదు. ప్రధాన యజమాని మాత్రం ఒక్కరే. ఆ స్థానాన్ని మరొకరికి అప్పగించాలంటే వారు అప్పటికే కనీసం 7 రోజులుగా యజమానిగా ఉండి ఉండాలి. అందువల్ల ఈ పనిని చివరి పనిదినం దాకా ఆపకుండా, రాజీనామా లేఖ అందిన రోజే మొదలుపెట్టడం మేలు.

ఇక స్టూడియోలోని అనుమతుల విభాగం రోజువారీ పనికి ఎంతో ఉపయోగపడుతుంది. ఎడిటర్‌గా చేర్చినవారు వీడియోలు ఎక్కించగలరు, వివరాలు దిద్దగలరు, కానీ ప్రచురించిన వీడియోను తొలగించలేరు, కొత్తవారికి అనుమతి ఇవ్వలేరు. సబ్‌టైటిల్స్ రాసే వ్యక్తికి ఆ ఒక్క పనికే అనుమతి ఇవ్వవచ్చు. బయటి ఏజెన్సీకి పని అప్పగించే సంస్థలకు ఇంతకంటే భరోసా ఇచ్చే ఏర్పాటు మరొకటి లేదని నా నమ్మకం.

ఛానల్ అలంకరణకు పెద్దగా సమయం పట్టదు. ఫోన్ నంబరు ధ్రువీకరించుకుంటే 15 నిమిషాలకు మించిన వీడియోలూ, సొంత థంబ్‌నెయిళ్లూ (వీడియో ముఖచిత్రాలు) పెట్టుకోవచ్చు. ఛానల్ పేజీ పైభాగాన కనిపించే బ్యానర్ కనీసం 2048×1152 పిక్సెళ్లు ఉండాలి, అయితే అన్ని తెరలపైనా కోత పడకుండా కనిపించేది నడుమనున్న 1235×338 భాగమే కనుక పేరూ, లోగో అక్కడే ఇమడాలి. 2022లో వచ్చిన హ్యాండిల్‌ను, అంటే @ గుర్తుతో మొదలయ్యే ఛానల్ పేరును మాత్రం తొందరపడి ఎంచుకోకూడదు. తర్వాత మార్చుకోవచ్చు గానీ, ముద్రించిన కాగితాల మీద పాత పేరు అలాగే మిగిలిపోతుంది.

స్టూడియోలో నేను ఎక్కువ సేపు గడిపేది వీక్షకులు ఎంతవరకు నిలిచారో చూపే గ్రాఫ్ దగ్గర. ఫిల్టర్ మార్చే విధానం చూపిన మా వీడియోలో మొదట లోగో తిరిగేది, ఆ తర్వాత సంస్థ పరిచయం, ఆ పైన అసలు విషయం. గ్రాఫ్‌లో గీత ఆ పరిచయం దగ్గరే నిట్టనిలువునా పడిపోయింది. నీళ్లు కారుతున్న యంత్రం ముందు కూర్చుని ఫోన్ చూస్తున్న మనిషికి మా చరిత్రతో పనేముంటుంది? స్టూడియోలోనే ఉన్న, వీడియోలు కత్తిరించే పరికరంతో ఆ ముక్క తీసేశాం. వీడియో లింకూ, వీక్షణలూ, వ్యాఖ్యలూ చెక్కుచెదరలేదు. అదే గ్రాఫ్‌లో ఒకచోట గీత పైకి లేచింది, అంటే ఆ భాగాన్ని జనం వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారని అర్థం. అది క్లిప్పు నొక్కి గొట్టాన్ని ఊడదీసే ఘట్టం. మా కెమెరా దాన్ని దూరం నుంచి చూపింది. దగ్గరి నుంచి తీసిన చిన్న వీడియో ఒకటి విడిగా చేశాక, అదే సందేహంతో వచ్చే ఫోన్లు తగ్గాయని సర్వీసు విభాగం వారే చెప్పారు. వీక్షణల సంఖ్య ఎప్పటికీ చెప్పలేని సంగతి ఇది.

థంబ్‌నెయిళ్లను పోల్చి చూసే సౌకర్యం కూడా ఆలోచించి చేసినదే. మూడు చిత్రాల వరకు ఇస్తే వాటిని వేర్వేరు వీక్షకులకు చూపి, ఎక్కువ క్లిక్కులు తెచ్చిన దాన్ని కాక, ఎక్కువ వీక్షణ సమయం తెచ్చిన దాన్ని గెలిచినట్టు ప్రకటిస్తుంది. ఆశపెట్టి మోసగించే చిత్రానికి ఇక్కడ చోటు తక్కువ. థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారో చెప్పే క్లిక్ రేటు చూసి బెంగపడేవారికి ఒక మాట: సగం ఛానళ్లలో అది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది.

లోపాలూ ఉన్నాయి. ప్రకటనల ఆదాయంలో వాటా ఇచ్చే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానళ్ల వీడియోలపైనా ప్రకటనలు వేయవచ్చనే నిబంధన 2020 నవంబరులో మొదలై, తర్వాత మిగతా దేశాలకూ విస్తరించింది. మన ఉత్పత్తిని వివరించే వీడియోకు ముందు పోటీ సంస్థ ప్రకటన రావడానికి దీనివల్ల ఆస్కారం ఉంది, వచ్చిన ఆదాయంలో మనకు వాటా ఉండదు. సంస్థల ఛానళ్లకు ఇది న్యాయంగా తోచదు. షార్ట్స్ అనే చిన్న నిలువు వీడియోల నిడివి 2024 అక్టోబరు నుంచి 3 నిమిషాలకు పెరిగినా, వాటి వివరణలోనూ వ్యాఖ్యల్లోనూ ఇచ్చే లింకులు 2023 ఆగస్టు ఆఖరు నుంచి పనిచేయడం లేదు. సంబంధిత వీడియోగా మన పెద్ద వీడియోను జతచేయడమే ఉన్న దారి.

వీటన్నిటికంటే పెద్ద లోపం, ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో అదే లింకుతో మరో ఫైలు పెట్టలేకపోవడం. కత్తిరించడం, మసకబార్చడం లాంటి మార్పులే చేయవచ్చు. వీక్షణలు లక్ష దాటితే, పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానళ్లకు ముఖాలు మసకబార్చడం తప్ప మిగతా మార్పులు కుదరకపోవచ్చు. పరికరాల నమూనాలు మారుతూ ఉండే మాలాంటి సంస్థకు ఇది చిన్న విషయం కాదు. అందుకే పెట్టెలపై ముద్రించే క్యూఆర్ కోడ్‌ను నేరుగా వీడియోకు కలపకుండా మా సొంత వెబ్‌సైటులోని ఒక పేజీకి కలిపాం. కొత్త వీడియో వచ్చినప్పుడు ఆ పేజీలో లింకు మారుస్తాం, అప్పటికే ఇళ్లకు చేరిన పెట్టెలపై కోడ్ అలాగే పనిచేస్తుంది.