చైనీస్ ఉచ్చారణకు ఫోన్‌లోని వాయిస్ టైపింగ్: నాలుగేళ్లు వాడాక

చైనీస్ నేర్చుకోవడానికి డబ్బు పెట్టి కొన్నవాటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది కీబోర్డు మీద ఊరికే వచ్చే మైకు బొమ్మ. భాషల్లో సరళ లిపి చైనీస్ పెట్టుకుని, మైకు నొక్కి ఒక మాట అనాలి. అనుకున్న అక్షరాలే పడితే పలుకు సరిగ్గా ఉన్నట్టు. టీచర్లు మన యాసకు అలవాటుపడిపోయి సర్దుకుంటారు. మైకు సర్దుకోదు. భాష ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త, పొరపాటున హాంకాంగ్ కాంటనీస్ పెడితే ఎంత బాగా పలికినా చెత్తే పడుతుంది.

తెలుగు నోటికి వచ్చే తప్పుల్ని ఇది భలే పట్టేస్తుంది. బస్సు, కారు అంటూ ప్రతి మాటకీ చివర ఉకారం చేర్చే అలవాటు మనది. చారుకి చైనీస్‌లో థాంగ్ అంటారు. మనం థాంగు అంటాం. తెర మీద ఒక అక్షరం రావలసిన చోట రెండు వస్తాయి. చివరి ధ్వని ముక్కులోనే ఆగిపోవాలి, గకారం విడిగా వినపడకూడదు. ఛ్వాన్ అంటే పడవ, ఛ్వాంగ్ అంటే మంచం. తేడా అంతా ఆ ముక్కు దగ్గరే.

ఇంకొకటి ఊపిరి. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్ పలుకును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, 'బి' అని రాసేది నిజానికి మన ప. 'పి' అని రాసేది ప వెంట బలంగా హకారం వదిలే ధ్వని. ఇంగ్లీషు అక్షరాన్ని చూసి మామూలు ప పలికామా, 'పరుగెత్తు' అనబోయి 'కడుపు నిండింది' అన్నట్టే, ఎందుకంటే రెండింటికీ టోన్ (మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లం) ఒకటే, మూడోది. టిష్యూ కాగితం పెదాలకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని చూడండి. 'పి'కి కాగితం కదలాలి, 'బి'కి కదలకూడదు.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. 'ఎక్స్' దాదాపు మన శ, 'ఎస్‌హెచ్' ష, 'ఎస్' స. బడిలో ఈ మూడూ విడివిడిగా పలకడం నేర్చినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. 'జడ్' అంటే చలి, చుక్క, చాప అన్నప్పటి ౘ. దానికే ఊపిరి చేరిస్తే 'సి'. తినడం అనే మాట దగ్గర మాత్రం మనవాళ్లు తప్పకుండా బోల్తాపడతారు. నాలుకను ట స్థానానికి మడిచి ఊపిరితో ఛ అనాలి, వెనక స్పష్టమైన ఈకారం ఉండకూడదు. మామూలు 'ఛీ' అంటే ఏడు అనే అంకె పడుతుంది.

మొదటి ఏడాది దీన్ని అందరికీ చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ, ఒక షరతుతో. పెద్ద వాక్యం చెప్పి, అంతా సరిగ్గా పడిందని మురిసిపోవద్దు. అది చెవితో పాటు సందర్భాన్నీ వాడుకుంటుంది. ష్వెయ్‌చ్యావ్ అనే మాటకు రెండు అక్షరాలూ నాలుగో టోన్‌లో పలికితే నిద్రపోవడం, రెండూ మూడో టోన్‌వైతే (పలికేటప్పుడు మొదటిది రెండో టోన్‌కి మారుతుంది) నీళ్లలో ఉడికించిన డంప్లింగ్స్. ముందు 'తినాలి' అని ఉంటే, టోన్లు ఎలా పలికినా చాలాసార్లు డంప్లింగ్సే రాసేస్తుంది. కౌంటర్ దగ్గర మనిషికి అంత ఓపిక ఉండదు. అలాగని ఒక్క అక్షరం పరీక్షిస్తే లాభం లేదు, ఒకే పలుకుకు డజన్లకొద్దీ అక్షరాలుంటాయి, ఏది పడినా పడొచ్చు. రెండక్షరాల మాటల జంటలే సరైన పరీక్ష. పెయ్‌ౘ అనే మాటను మొదటి టోన్‌తో మొదలుపెడితే గ్లాసు, నాలుగోదానితో మొదలుపెడితే దుప్పటి. హోటల్ రిసెప్షన్‌కి ఫోన్ చేసేముందు దీన్ని కలిపికలిపి పదిసార్లు అనండి. ఎనిమిదైనా సరిగ్గా పడాలి. పడిన అక్షరాలు చదవడం రాకపోతే కాపీ చేసి డిక్షనరీలో వేసి చూసుకోవచ్చు.

మైకు అసలు పట్టించుకోని తప్పు ఇంకోటుంది. 'వస్తావా?' అన్నట్టు ప్రశ్న చివర గొంతు లేపడం. చైనీస్‌లో అలా లేపితే చివరి మాట టోన్ చెడుతుంది. ప్రశ్నార్థకానికి చివర 'మా' చేరిస్తే చాలు, అది మన 'ఆ' చేసే పనే చేస్తుంది. సందర్భాన్ని బట్టి మైకు సరిగ్గానే రాసేస్తుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు.

ప్రయాణానికి ముందు ఆఫ్‌లైన్ చైనీస్ ప్యాక్ దింపుకుని, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. గూగుల్ సేవలు చైనా ప్రధాన భూభాగంలో మామూలు నెట్‌లో తెరుచుకోవు, అక్కడికి వెళ్లాక దింపుకుందామంటే కుదరదు.

వారానికి రెండు గంటలైనా చైనీస్ మనుషులతో మాట్లాడే వీలున్నవాళ్లకు ఇది అంతగా అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒంటరిగా నేర్చుకుంటున్నవాళ్లకు రోజుకు పావుగంట చొప్పున తప్పకుండా వాడమంటాను. సిచువాన్ వైపు మెడిసిన్ చదవడానికి వెళ్లేవాళ్లు మాత్రం దీని మీదే ఆధారపడొద్దు. మైకుకు తెలిసింది ప్రామాణిక భాష. అక్కడ వార్డులో పెద్దవాళ్లు ష ని స అంటారు, న కి ల కి తేడా చూపరు. ప్రామాణిక భాషలో నాలుగు స తో, పది ష తో మొదలవుతాయి కాబట్టి, 'స' అని వినపడింది నాలుగో పదో తేలకపోతే వేళ్లతో చూపించమనాలి. పదికి రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెడతారు, లేదా పిడికిలి చూపిస్తారు.