ల్యాప్‌టాప్ వోల్టేజ్ తగ్గించడానికి థ్రాటిల్‌స్టాప్, దాచిన బయోస్ సెట్టింగ్, మాడ్ బయోస్: ఏది మేలు?

ఇంటెల్ ల్యాప్‌టాప్ వేడెక్కి గేమ్ మధ్యలో స్పీడ్ పడిపోతుంటే, ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్‌ని కాస్త తగ్గిస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. అంతే వేడిలో ఎక్కువ క్లాక్ స్పీడ్ నిలబడుతుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది థ్రాటిల్‌స్టాప్. విండోస్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మైనస్ 50 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టి పదేసి చొప్పున దిగండి. మరీ తగ్గిస్తే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. బాగా పరీక్షించేదాకా స్టార్టప్‌లో మాత్రం పెట్టకండి.

చిక్కల్లా, చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఇది 'లాక్డ్' అని చూపిస్తుంది. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. వోల్టేజ్‌ని తగ్గించి ప్రాసెసర్ చేత తప్పుడు లెక్కలు చేయించి, ఎస్‌జీఎక్స్ అనే రక్షిత భాగంలోని రహస్యాలు లాగొచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాతి బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఈ తాళం వేశాయి.

ఆ తాళం చాలా మోడళ్లలో బయోస్‌లోనే 'ఓవర్‌క్లాకింగ్ లాక్' పేరుతో ఉంటుంది. కాకపోతే మెనూలో కనబడదు. బయోస్ ఫైల్‌ని విప్పి చూపే యూఈఎఫ్ఐటూల్‌లో తెరిచి, సెటప్ భాగాన్ని బయటికి తీసి, దాన్ని చదవగలిగే జాబితాగా మార్చే ఐఎఫ్‌ఆర్ ఎక్స్‌ట్రాక్టర్‌తో చదివితే ఆ సెట్టింగ్ ఏ వేరియబుల్‌లో (బయోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), అందులో ఏ ఆఫ్‌సెట్ (ఎన్నో స్థానం) దగ్గర ఉందో తెలుస్తుంది. తర్వాత సంతకం లేని ప్రోగ్రామ్‌లని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి మార్పులు చేసిన గ్రబ్ షెల్‌ని (కమాండ్లు కొట్టే చిన్న బూట్ ప్రోగ్రామ్) బూట్ చేసి, ఆ ఒక్క విలువని 1 నుంచి 0 చేయాలి.

ప్రమాదమంతా ఇక్కడే. ఆఫ్‌సెట్ బయోస్ వెర్షన్‌ని బట్టి మారుతుంది. మీ మోడల్‌దే అయినా ఇంకొకరు చెప్పిన అంకె కొట్టేయకండి. ఈ సెట్టింగ్ కొన్నిటిలో 'సెటప్' వేరియబుల్‌లో, కొన్నిటిలో 'సీపీయూసెటప్'లో ఉంటుంది. రాసేముందు ఉన్న విలువని చదివి చూడండి. 1 రావాల్సిన చోట ఇంకేదో వస్తే అక్కడితో ఆపేయండి. తప్పు చోట రాస్తే స్క్రీన్ కూడా వెలగకపోవచ్చు. ఆ విలువలుండేది ఫ్లాష్ చిప్‌లో కాబట్టి, మదర్‌బోర్డు మీది చిన్న సీమాస్ బ్యాటరీ తీసి పెట్టినా ప్రతిసారీ బాగుపడదు. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) ఉంటే ముందే దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

ఇక మాడ్ చేసిన, అంటే ఎవరో మార్పులు చేసిన బయోస్‌ని ఫ్లాష్ చేయడం, అంటే చిప్‌లోకి ఎక్కించడం. దాచిన మెనూలన్నీ తెరుచుకుంటాయన్న ఆశ తప్ప, ఈ ఒక్క పనికి అది అనవసరం. తయారీదారు సంతకం ఉన్న బయోస్‌నే నడవనిచ్చే బూట్ గార్డ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సంతకం సరిపోక అసలు బూటే కాకపోవచ్చు. వేరియబుల్ మార్పుకి ఆ బెడద లేదు, అది కోడ్‌ని ముట్టుకోదు కాబట్టి.

నా ఓటు థ్రాటిల్‌స్టాప్‌కే. లాక్ అయి ఉంటేనే వేరియబుల్ దారి, అదీ సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌ని నేరుగా చదివి, రాసే యూఎస్‌బీ పరికరం), దాన్ని చిప్‌కి తగిలించే క్లిప్‌తో బయోస్ చిప్ బ్యాకప్ తీసుకున్నాకే. చిప్ 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా ముందే చూసుకోండి, రెండోదానికి అడాప్టర్ కావాలి. ప్లండర్‌వోల్ట్ దాడికి అడ్మిన్ హక్కులు కావాలి, గురి కూడా ఎస్‌జీఎక్స్ మీదే. కాబట్టి ఇంట్లో గేమ్‌లాడే మెషీన్‌లో ఈ తాళం తీయడానికి నాకు అభ్యంతరం లేదు. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం తీయొద్దు.