ఐబీఎం టీఎస్4300 టేప్ లైబ్రరీ: కొనే ముందు డ్రైవుల లెక్క చూసుకోండి

సర్వర్లు బిగించే ర్యాక్‌లో 3యూ ఎత్తు, అంటే 13 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంత చోటులో డేటా దాచే టేపు ఉన్న 40 కార్ట్రిడ్జులు, వాటిని చదివి రాసే మూడు డ్రైవులు, ఈ రెండింటి మధ్య కార్ట్రిడ్జులను మోస్తూ తిరిగే ఒక రోబో. ఐబీఎం టీఎస్4300 టేప్ లైబ్రరీలో బేస్ మాడ్యూల్, అంటే మొదటగా కొనే పెట్టె, ఇదీ. ఎల్‌టీఓ అనే టేపు ప్రమాణంలో తొమ్మిదో తరమైన ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జులతో పూర్తిగా నింపితే 720 టీబీ పడుతుంది. బ్రోషర్లలో 1.8 పీబీ (1,800 టీబీ) అని కనిపిస్తే అది డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందని అనుకుని వేసిన అంకె. వీడియోలు, స్కాన్ కాపీలు, ముందే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లు దాదాపు ఏమీ కుదించుకోవు. కాబట్టి కార్ట్రిడ్జుకు 18 టీబీ అనే పట్టుకోండి. కార్ట్రిడ్జులుండే గూళ్లలో (స్లాట్లు) ఐదు ఐఓ స్టేషన్‌కు, అంటే టేపులు బయటికి తీసే, లోపల పెట్టే ద్వారానికి, ఒకటి డ్రైవును శుభ్రం చేసే క్లీనింగ్ కార్ట్రిడ్జుకు పోతే లోపల మిగిలేవి 34. అంటే 612 టీబీ. కొటేషన్ అడిగేటప్పుడు ఈ అంకెతోనే మాట్లాడాలి.

ముందే చెప్పేస్తాం: ఇది నమ్మదగ్గ యంత్రం. దీన్ని కొన్న చోట్ల బ్యాకప్ దెబ్బతింటే రోబోను తప్పుపట్టాల్సిన సందర్భాలు తక్కువ. డ్రైవుకు సరిపడా వేగంతో డేటా అందకపోవడం, రాసిన టేపులను బయటికి తీయకుండా లోపలే వదిలేయడం, ఈ రెండే అసలు సమస్యలు.

లోపల పని ఇలా జరుగుతుంది. ఎడమవైపు ఒక మ్యాగజైన్, కుడివైపు ఒకటి, ఒక్కోదాంట్లో 20 స్లాట్లు. మధ్య సందులో రోబో పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదులుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. డ్రైవులు వెనుక ఉంటాయి. పవర్ ఇవ్వగానే రోబో స్లాట్లన్నీ చుట్టివచ్చి, దాని మీదున్న రీడర్‌తో బార్‌కోడ్లు చదివి జాబితా తయారుచేసుకుంటుంది. లేబుల్ మీద ఎనిమిది అక్షరాలు: మొదటి ఆరు మీవి, చివరి రెండు ఎల్9 లాంటి తరం గుర్తు. ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జుకు పొరపాటున ఎల్9 లేబుల్ అంటిస్తే లైబ్రరీ దాన్ని ఎల్‌టీఓ-9 అనే నమ్ముతుంది, ఆ గందరగోళం తర్వాత డ్రైవులో బయటపడుతుంది. లేబుల్‌ను దానికి కేటాయించిన గుంటలోనే, అంచులు లేవకుండా అంటించాలి. మామూలు కాగితం మీద ప్రింట్ తీసి జిగురుతో అతికించినవి వేడికి లేచి, రోబో లాగేటప్పుడు ఇరుక్కుంటాయి. అసలైన లేబుళ్ల ఖర్చు దగ్గర పొదుపు వద్దు.

సర్వర్‌కు రోబో వేరే పరికరంగా కనిపిస్తుంది. ఒకే కనెక్షన్ మీది పరికరాలకు ఇచ్చే నంబర్లలో (ఎల్‌యూఎన్) డ్రైవు 0 అయితే, కంట్రోల్ పాత్‌గా, అంటే రోబోకు ఆదేశాలు వెళ్లే దారిగా, పెట్టిన డ్రైవు మీద ఎల్‌యూఎన్ 1గా రోబో కనిపిస్తుంది. ఫలానా స్లాట్‌లోది ఫలానా డ్రైవులో పెట్టు అన్న ఎస్‌సీఎస్‌ఐ (స్టోరేజీ పరికరాలతో మాట్లాడే పద్ధతి) ఆదేశం ఆ దారిలోనే వెళ్తుంది. అందుకే ఆ ఒక్క డ్రైవు చెడితే రోబో బాగానే ఉన్నా సర్వర్‌కు కనపడదు. రెండో డ్రైవుకూ కంట్రోల్ పాత్ ఇచ్చి పెట్టుకోండి. లైబ్రరీని ఎస్‌ఏఎస్ అనే స్టోరేజీ కేబుల్‌తో కలిపేటప్పుడు, సర్వర్‌లో డిస్కులను జట్టుగా నడిపే ర్యాయిడ్ కార్డుకు తగిలించవద్దు, పరికరాన్ని నేరుగా కలిపే కార్డు (హెచ్‌బీఏ) విడిగా కొనండి. డ్రైవు కనిపించడం లేదన్న చోట తరచుగా బయటపడే కారణం ఇదే.

లినక్స్‌లో రెండు జాగ్రత్తలు. ఎస్‌టీ0 అనే పరికరంతో రాస్తే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. తర్వాతి బ్యాకప్ పాతదాని మీదే పడి దాన్ని చెరిపేస్తుంది. అలా చుట్టుకోని ఎన్‌ఎస్‌టీ0 వాడాలి. రెండోది, లైబ్రరీ స్క్రీన్‌లో మొదటి డ్రైవు లినక్స్‌కు కూడా మొదటిదే అవ్వాలని లేదు, రీబూట్ తర్వాత వరుస మారవచ్చు కూడా. రోబోను నడిపే ఎంటీఎక్స్ ప్రోగ్రామ్ ఒక డ్రైవులో టేపు పెడితే, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇంకో ఖాళీ డ్రైవు తలుపు తడుతూ కూర్చుంటుంది. డ్రైవు సీరియల్ నంబర్ ఉన్న బై-ఐడీ పేర్లతో కాన్ఫిగర్ చేస్తే ఈ బాధ ఉండదు.

ఇక డ్రైవులు. ఒక మాడ్యూల్‌లో మూడు హాఫ్-హైట్ (సగం ఎత్తు) డ్రైవులు పడతాయి, లేదా ఒక ఫుల్-హైట్, ఒక హాఫ్-హైట్. ఎల్‌టీఓ-9లో హాఫ్-హైట్ సెకనుకు 300 ఎంబీ రాస్తుంది, ఫుల్-హైట్ 400. అంటే మూడు చిన్నవి కలిస్తే 900, రెండో అమరికలో 700. మా ఓటు మూడు చిన్నవాటికే. ఒక కార్ట్రిడ్జు నిండడానికి 300 వేగంతో 16 గంటల 40 నిమిషాలు పడుతుంది. వారాంతపు ఫుల్ బ్యాకప్ 50 టీబీ అయితే ఒక్క డ్రైవుతో 46 గంటలు దాటుతుంది, మూడింటితో 15 గంటలన్నరలో అవుతుంది. ఒకే డ్రైవుతో కొనడం పెద్ద పొరపాటు. అది చెడిన రోజున బ్యాకప్ ఆగడం ఒకెత్తు, రిస్టోర్ చేసే దారే లేకపోవడం మరొకెత్తు.

ఈ వేగాలు డేటా ఆగకుండా అందినప్పటివి. టేపు నడుస్తూ ఉండగా డేటా తగ్గితే డ్రైవు మొదట తన వేగాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటుంది. కనీస వేగానికీ అందకపోతే ఆగిపోవాలి, కొంత వెనక్కి చుట్టాలి, మళ్లీ పరుగందుకోవాలి. దీన్నే షూషైనింగ్ అంటారు. బ్యాకప్ గంటల తరబడి సాగుతుంది, టేపూ, దాన్ని చదివి రాసే హెడ్డూ అరుగుతాయి. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 ఎంబీ చుట్టుపక్కలే ఇస్తుంది, ఎల్‌టీఓ-9 డ్రైవుకు అది అర్ధాకలి. కనీసం 10 గిగాబిట్ ఉండాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే ఆ నెట్‌వర్క్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఒక్కో ఫైలు తెరిచి మూయడానికే సమయమంతా పోతుంది. ముందు ఎస్‌ఎస్‌డీ మీద ఒకే పెద్ద ఫైలుగా (ఇమేజ్) పోగేసి, అక్కడి నుంచి టేపుకు పంపడమే మేలు. ఆ డిస్కు మీద ఒకవైపు రాత, మరోవైపు చదువు ఒకేసారి జరుగుతాయని గుర్తుంచుకుని సైజు ఎంచుకోండి.

కొత్త ఎల్‌టీఓ-9 టేపు విషయంలో చాలామంది కంగారు పడే చోటు ఒకటుంది. మొదటిసారి డ్రైవులో పెట్టినప్పుడు అది ఆ టేపుకు తగ్గట్టు తనను సరిచేసుకుంటుంది. సగటున 40 నిమిషాలు, ఒక్కోసారి రెండు గంటలు. డ్రైవు వేలాడిపోయిందనుకుని మధ్యలో పవర్ తీయవద్దు. 30 కొత్త టేపులకు మూడు డ్రైవుల మీద సగటున ఆరు గంటల 40 నిమిషాలు అవుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎదురుచూసే గడువు (టైమౌట్) పెంచి, ఈ పనిని మొదటి బ్యాకప్‌కు ముందే ముగించండి. ఇది ఏ గదిలో టేపులు వాడతారో ఆ గదిలోనే జరగాలి. వేడికీ తేమకూ టేపు వెడల్పు అతి సూక్ష్మంగా మారుతుంది, ఎల్‌టీఓ-9లో 12.65 మిల్లీమీటర్ల వెడల్పు మీద 8,960 ట్రాకులుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో గోడౌన్ నుంచి తెచ్చిన పెట్టెను నేరుగా లైబ్రరీలో ఖాళీ చేయకుండా 24 గంటలు సర్వర్ గదిలో ఉంచాలి. చేయి జారి కింద పడిన కార్ట్రిడ్జును అసలు పెట్టవద్దు. లోపల టేపు కొసనుండే లీడర్ పిన్ స్థానం తప్పితే డ్రైవు దాన్ని పట్టుకోలేదు, అప్పుడు టేపుతో పాటు డ్రైవూ ఆగుతుంది.

క్లీనింగ్ డ్రైవు అడిగినప్పుడే. ఒక క్లీనింగ్ కార్ట్రిడ్జు సుమారు 50 సార్లు పనిచేస్తుంది. వారం వారం శుభ్రం చేస్తే మంచిదనుకోకండి, హెడ్ అరుగుతుంది. ఆటో క్లీనింగ్ లైబ్రరీలోనైనా పెట్టాలి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనైనా పెట్టాలి, రెండుచోట్లా కాదు. పవర్ లేనప్పుడు మ్యాగజైన్ తీయాలంటే వెనుక ఒక చిన్న రంధ్రం ఉంది. నిటారుగా చేసిన పేపర్ క్లిప్‌తో ఒకరు నొక్కితే, మరొకరు ముందు నుంచి లాగాలి. అది ఆఖరి మార్గం. మామూలుగా వెబ్ స్క్రీన్ నుంచే తెరవండి, రోబో ముందుగా దారిలోంచి తప్పుకుంటుంది.

టేపు కొనేది ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) భయంతోనే అయితే ఇది జాగ్రత్తగా చదవండి. లైబ్రరీ లోపలున్న టేపు ఆఫ్‌లైన్ కాదు. బ్యాకప్ సర్వర్ చేజిక్కించుకున్నవాడు రోబోతో ఒక్కో టేపూ ఎక్కించి చెరిపేయగలడు. ఐఓ స్టేషన్ గుండా బయటికొచ్చి, వేరే చోట బీరువాలో ఉన్నదే ఆఫ్‌లైన్. డిస్కు మీద కాపీలెన్ని ఉన్నా ఒకే తప్పు అన్నింటికీ పాకగలదు. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయినప్పుడు గూగుల్ ఆ మెయిళ్లను తిరిగి తెచ్చింది ఆఫ్‌లైన్ టేపుల నుంచే. ఈ విషయంలో టీఎస్4300 మీద మా ఫిర్యాదు ఒక్కటే: మాడ్యూల్‌కు ఐఓ స్లాట్లు ఐదే. వారానికి 12 టేపులు బయటికి పంపేవారు మూడు విడతలు తీయాలి. ఎవరో ఒకరి పేరున ఆ పని రాసి పెట్టకపోతే నెల తిరిగేలోపు ఆగిపోతుంది.

ఎన్‌క్రిప్షన్ డ్రైవులోనే, ఏఈఎస్-256 అనే పద్ధతిలో జరుగుతుంది, వేగం తగ్గదు. తాళంచెవి ఉన్న సర్వర్ బ్యాకప్ కూడా అదే టేపు మీద ఉంటే మాత్రం ఆ టేపును ఎవరూ తెరవలేరు. కీలను విడిగా, కాగితం మీదైనా సరే, ఇంకో ఊళ్లో పెట్టండి.

పెంచుకునే వీలు బాగుంది. బేస్ మాడ్యూల్ పైన మూడు, కింద మూడు చేర్చవచ్చు, మొత్తం 272 కార్ట్రిడ్జులు, 21 డ్రైవులు. అందుకే ర్యాక్ అడుగున బిగించకుండా పైనా కిందా చోటు వదలండి. చేర్చేటప్పుడు మాడ్యూళ్లను వెనుకనున్న అలైన్‌మెంట్ లాక్‌తో సరిగ్గా కలపాలి, లేదంటే రోబో సరిహద్దు దాటలేదు.

తరం మారేటప్పుడు పాత నమ్మకాలతో వెళ్లకండి. ఎల్‌టీఓ-9 డ్రైవు ఎల్‌టీఓ-8 టేపు చదువుతుంది, రాస్తుంది, ఎల్‌టీఓ-7ను ముట్టదు. 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 డ్రైవు ఎల్‌టీఓ-9ను కూడా చదవదు. ఏడేళ్లు దాచాల్సిన టేపులుంటే, వాటిలో చివరిది గడువు తీరేదాకా పనిచేసే ఎల్‌టీఓ-9 డ్రైవు ఒకటి ర్యాక్‌లో ఉండాలి, దాని నిర్వహణ ఒప్పందం ఖర్చుతో సహా ఇప్పుడే బడ్జెట్లో రాసుకోండి.