పరేషాన్, ఆందోళన: ఏది ఎక్కడ?

మిర్యాలగూడ దగ్గర కల్లంలో ఆరబోసిన వడ్లపై మబ్బు కమ్మితే, టార్పాలిన్ కోసం పరుగెత్తే రైతు 'పరేషాన్‌గా ఉంది' అంటాడు. మర్నాడు పత్రికలో 'రైతుల ఆందోళన' అని శీర్షిక వస్తుంది. ఇంతకీ వాళ్లు దిగులుపడ్డారా, రోడ్డెక్కారా? వార్త మొత్తం చదివితే గానీ తేలదు.

ఆందోళన సంస్కృత పదం, మూలార్థం ఊగడం. మనసు ఊగినా జనం కదిలినా ఆ మాటే సరిపోయింది. పరేషాన్ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలంలో చెదిరిపోయిన, చిందరవందరైన అని అర్థం. అక్కడ చెదిరిన జుట్టు కూడా పరేషానే. 1948 దాకా నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూయే కనుక నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో ఈ మాట పరాయిదనిపించదు. ఉర్దూలో ఇది విశేషణం, నామవాచకం పరేషానీ. మనం ఆ తేడాను పెద్దగా పట్టించుకోలేదు.

అసలు తమాషా 'చేయు' చేర్చినప్పుడు. 'ఆందోళన చేయకు' అంటే ధర్నా మానమని. 'పరేషాన్ చేయకు' అంటే నన్ను సతాయించవద్దని.

పరీక్ష ఫలితాల ముందు రాత్రికి ఆందోళనే తగిన మాట. మోటారు కాలి, నీళ్లు రాక, పైగా చుట్టాలు దిగిన రోజుకు మాత్రం నా ఓటు పరేషాన్‌కే.